ఎలక్ట్రిక్ కారు కొనేముందు సెల్లార్‌లోకి దిగి చూడాలి

నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్ అనుకుందాం. అందులో ఒక కుటుంబం. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలకు స్కూలు, ఇంట్లో మోకాళ్ల నొప్పులతో నాన్నమ్మ. పొద్దున ఏడున్నరకల్లా పిల్లలను బాచుపల్లి వైపు స్కూల్లో దించాలి. అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకు. సాయంత్రం వచ్చే దారిలో కూరగాయలు, ట్యూషన్ నుంచి పెద్దపిల్ల, వారానికోసారి నాన్నమ్మకు ఫిజియోథెరపీ. రోజుకు 40 నుంచి 50 కిలోమీటర్లు, నెలకు సుమారు 1,000 కిలోమీటర్ల తిరుగుడు. అందులో సగం సమయం క్లచ్ మీద కాలు పెట్టుకుని జేఎన్‌టీయూ దగ్గరో, బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గరో నిలబడటమే.

ఇలాంటి ఇళ్లలో ఇప్పుడు తరచుగా వినబడే ప్రశ్న ఒకటుంది: పది లక్షల అటూఇటూ ధరలో ఎలక్ట్రిక్ కారు వస్తోంది కదా, అది మనకు సరిపోతుందా? జవాబు కోసం చాలామంది ముందుగా చూసేది రేంజి. ఒక్కసారి ఛార్జ్ చేస్తే ఎన్ని కిలోమీటర్లు వస్తుందన్నది. హైదరాబాద్‌లో రోజూ తిరిగే కుటుంబానికి నిజానికి అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, కారు రాత్రి ఎక్కడ ఆగుతుంది, ఆ చోటుకు కరెంటు వస్తుందా అన్నది. దానికి జవాబు "అవును" అయితే మిగతా అనుమానాల్లో చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. "లేదు" అయితే ఎంత మంచి కారైనా ఆ ఇంటికి ఇంకో పని అయి కూర్చుంటుంది.

తీరిక లేని ఇంట్లో డబ్బు కన్నా ముందు కరువయ్యేది సమయం. అందుకే ఈ లెక్క సమయంతో మొదలుపెట్టడం మేలు.

టాటా టియాగో ఈవీలో పెద్ద బ్యాటరీ 24 కిలోవాట్ అవర్లది, అంటే 24 యూనిట్ల కరెంటు పట్టేది. 2022లో ఈ కారు వచ్చినప్పుడు దానికి పరీక్షల్లో వచ్చిన రేంజి 315 కిలోమీటర్లని ప్రకటించారు. ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని, హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడిపితే 200 అటూఇటూ వస్తుందని అనుకోవడం క్షేమం. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గుతో ఈ బ్యాటరీ దాదాపు ఖాళీ నుంచి నిండటానికి ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. ఈ తొమ్మిది గంటలన్న మాట వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. కానీ రోజూ బ్యాటరీ మొత్తం నింపాల్సిన పని లేదు. రోజుకు 45 కిలోమీటర్లు తిరిగిన కారుకు ఆ 45 కిలోమీటర్లు తిరిగి ఎక్కిస్తే చాలు. ఆ ప్లగ్గుతోనే గంటకు దాదాపు 20 కిలోమీటర్ల లెక్కన ఎక్కుతుంది. అంటే రెండున్నర గంటల పని. అది కూడా ఇంట్లో అందరూ నిద్రపోతున్నప్పుడు జరిగిపోతుంది. రాత్రి గాలివానకు కరెంటు పోయి ఛార్జింగ్ ఎక్కకపోయినా మర్నాటికి ఢోకా ఉండదు. రెండు రోజులు అలా జరిగినా బండి ఆగదు. పెట్రోల్ బంకు దగ్గర నిలబడటం ఆ ఇంటి పనుల్లోంచి పూర్తిగా పోతుంది.

ఇప్పుడు ఇదే కారు ఇంటి దగ్గర ప్లగ్గు లేని కుటుంబం చేతిలో ఉందనుకుందాం. నెలకు 1,000 కిలోమీటర్లు. ఫాస్ట్ ఛార్జర్ దగ్గరికి 10 శాతంతో వెళ్లి 80 శాతంతో బయటికి వస్తే దాదాపు గంట పడుతుంది, 140 కిలోమీటర్లు చేతికొస్తాయి. అంటే నెలకు ఏడుసార్లు వెళ్లాలి. దారి, ముందున్న కారు కోసం ఎదురుచూపు, ఛార్జర్ పనిచేయక ఇంకో చోటికి వెళ్లడం కలుపుకుంటే నెలకు పది గంటలు అవుతాయి. పబ్లిక్ ఛార్జర్‌లో యూనిట్‌కు 20 రూపాయల అటూఇటూ ధర వేసుకున్నా డబ్బు లెక్కలో పెట్రోల్ కన్నా ఇంకా లాభమే. కిలోమీటరుకు రెండున్నర రూపాయలే పడుతుంది. కానీ ఆ పది గంటలు ఎవరివి? ఆదివారం పిల్లలతో గడపాల్సినవి, లేకపోతే పొద్దున్నే లేచి నిద్ర మానుకున్నవి. కుటుంబం కోసం కొన్న కారు కుటుంబం దగ్గర్నుంచే సమయం తీసుకుంటే ఆ కొనుగోలు లెక్క తప్పినట్టే. రోడ్డు పక్కన కారు ఆపుకునే ఇళ్లవాళ్లు, పార్కింగ్ లేని పాత పోర్షన్లలో ఉండేవాళ్లు ప్రస్తుతానికి ఆగడమే మంచిది. ఆఫీసు పార్కింగ్‌లో రోజూ నమ్మకంగా దొరికే ఛార్జింగ్ ఉంటే అది వేరే సంగతి. కానీ ఆ ఛార్జర్ ఎంతమందికి ఒకటో, ఉద్యోగం మారితే ఏమిటో కూడా ఆలోచించుకోవాలి.

సెల్లార్‌లో ఏం చూడాలి

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కలిసొచ్చే విషయం ఒకటుంది. చాలా భవనాల్లో అన్ని ఫ్లాట్ల కరెంటు మీటర్లూ కిందే, సెల్లార్‌లోనో స్టిల్ట్ పార్కింగ్‌లోనో ఒకే ప్యానెల్‌లో ఉంటాయి. ఐదో అంతస్తులో ఉన్నవాళ్ల మీటరు కూడా కిందే ఉంటుంది. కాబట్టి సొంత మీటరు నుంచి సొంత పార్కింగ్ స్థలం దాకా విడిగా ఒక వైరు లాగడం అనుకున్నంత పెద్ద పని కాదు. ముప్పై నలభై అడుగుల్లో పని అయిపోయే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కామన్ మీటర్‌తో సంబంధం ఉండదు, ఎవరి కరెంటు ఎవరు వాడుకున్నారన్న తగువూ రాదు.

ఆ పని చేయించే తీరులో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఛార్జింగ్ అంటే గీజర్‌లా పది నిమిషాలు వాడి ఆపేసేది కాదు. గంటల తరబడి ఒకే తీరుగా లోడు లాగుతూనే ఉంటుంది. సన్నటి వైరు, వదులుగా ఉన్న సాకెట్ ఆ వేడికి కరిగిపోతాయి. తగినంత మందం ఉన్న రాగి వైరు, 16 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్, దానికి విడిగా ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్), షాక్ కొట్టినప్పుడు వెంటనే ట్రిప్ అయ్యే రక్షణ పరికరం, అన్నిటికన్నా ముఖ్యంగా సరైన ఎర్తింగ్ కావాలి. ఎర్తింగ్ బాగాలేకపోతే చాలా ఛార్జర్లు అసలు పనే మొదలుపెట్టవు. కొత్త కారు ఇంటికొచ్చిన రాత్రి "ఛార్జింగ్ ఎక్కడం లేదు" అని షోరూమ్‌కు ఫోన్లు చేసే సందర్భాల్లో తప్పు కారుది కాకుండా ఇంటి ఎర్తింగ్‌ది అయ్యే అవకాశం ఎక్కువ. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో కారు ఛార్జ్ చేయడం మాత్రం ఒక్కరోజుకైనా వద్దు.

వానాకాలంలో సెల్లార్‌లోకి నీళ్లొచ్చే భవనాలు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. అక్కడ సాకెట్‌ను నేలకు నాలుగైదు అడుగుల ఎత్తులో పెట్టించుకోవాలి. ఈ తరగతి కార్ల బ్యాటరీలకు సాధారణంగా ఐపీ 67 రక్షణ ఉంటుంది. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట వరకు తట్టుకునేలా పరీక్షించినవి. దాన్ని వాననీటిలో కారు నడిపించే ధైర్యంగా తీసుకోకూడదు. సెల్లార్ నిండే అలవాటున్న భవనమైతే పెట్రోల్ కారునైనా, ఎలక్ట్రిక్ కారునైనా భారీ వాన హెచ్చరిక ఉన్న రోజు పైకి తెచ్చి పెట్టుకోవాల్సిందే.

ఇంకోటి ఇంటి లోడు. రెండు ఏసీలు, గీజర్, వాషింగ్ మెషిన్ ఉన్న ఫ్లాట్‌కు మూడు కిలోవాట్ల కాంట్రాక్టెడ్ లోడు (కనెక్షన్‌కు మంజూరైన పరిమితి) ఉంటే అది ఇప్పటికే చాలీచాలనిది. దాని మీద కారు ఛార్జర్ ఇంకో రెండున్నర, మూడు కిలోవాట్లు. కరెంటు పంపిణీ సంస్థ టీజీఎస్పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి లోడు పెంచుకోవడం కారు డెలివరీకి ముందే అయిపోవాలి. కారులోనో యాప్‌లోనో టైమర్ ఉంటే అర్ధరాత్రి దాటాక ఛార్జింగ్ మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. అప్పటికి ఇంట్లో మిగతా వాడకం తగ్గి ఉంటుంది.

అసోసియేషన్ దగ్గర చిక్కు వచ్చే అవకాశం ఉంది. ఎక్కువగా వినపడే అభ్యంతరం మంటల భయం. దాన్ని తీసిపారేయడం తప్పు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక భవనం కింద ఉన్న ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్‌లో మొదలైన మంటలు, పైనున్న హోటల్‌లో బస చేసిన 8 మంది ప్రాణాలు తీశాయి. ఆ సంఘటన ఈ ఊరి మనసులో ఇంకా ఉంది, ఉండాలి కూడా. ఆ ఏడాది వరుసగా ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకున్న తర్వాత కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. రెండు, మూడు చక్రాల బండ్లకు ఏఐఎస్ 156, కార్ల వంటి వాటికి ఏఐఎస్ 038 ప్రమాణాల సవరణలు 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి నుంచి రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. టియాగో, పంచ్ వంటి టాటా ఈవీల్లో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వేడికి త్వరగా అదుపు తప్పని రకం. చల్లబరచడానికి ద్రవం తిరిగే ఏర్పాటు కూడా ఉంటుంది. ఈ వివరాలతో, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ గీసిచ్చిన ప్లానుతో, సెల్లార్‌లో అగ్నిమాపక సిలిండర్ల ఏర్పాటు గురించి కూడా తామే ప్రస్తావిస్తూ అసోసియేషన్ ముందుకు వెళ్లే కుటుంబానికి అనుమతి దొరికే అవకాశం ఎక్కువ. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇంటికున్న కనెక్షన్‌తోనే సొంత బండి ఛార్జ్ చేసుకోవచ్చని స్పష్టం చేశాయి. అద్దెకుండేవాళ్లు ఇంటి ఓనరు దగ్గర కూడా ముందే మాట తీసుకోవాలి. వైరు, సాకెట్ ఖర్చు ఎవరిది, ఇల్లు మారితే వాటిని విప్పుకెళ్లొచ్చా అన్నది మెసేజ్ రూపంలోనైనా రాసుకుంటే తర్వాత మనస్పర్థలుండవు.

కరెంటు బిల్లు, అసలు లెక్క

"కిలోమీటరుకు రూపాయి కూడా పడదు" అని అమ్మేవాళ్లు చెప్పే మాట తెలంగాణ స్లాబుల్లో పెడితే అంత తేలిగ్గా నిలబడదు. ఇక్కడ గృహ వినియోగం నెలకు 100 యూనిట్లు దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లు 3.40 రూపాయలు, తర్వాతి 100 యూనిట్లు 4.80 చొప్పున పడతాయి. 200 దాటితే మాత్రం లెక్క మొత్తం మారుతుంది. మొదటి 200 యూనిట్లకే 5.10 వేస్తారు. ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50.

నెలకు 180 యూనిట్లు కాల్చే ఇల్లు తీసుకుందాం. ఎనర్జీ ఛార్జీ 724 రూపాయలు. 1,000 కిలోమీటర్లు తిరిగే చిన్న ఎలక్ట్రిక్ కారుకు, ఛార్జింగ్‌లో పోయే కరెంటును కూడా కలిపి, గోడ దగ్గర దాదాపు 150 యూనిట్లు కావాలి. మొత్తం 330 యూనిట్లు. ఇప్పుడు ఎనర్జీ ఛార్జీ 2,060 రూపాయలు. అంటే కారు వల్ల పెరిగింది 1,336. యూనిట్‌కు దాదాపు 9 రూపాయలు పడినట్టు. వేసవిలో ఇప్పటికే 350 యూనిట్లు వాడుతున్న ఇంట్లో అదే 150 యూనిట్లకు 1,400 రూపాయలవుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం దీనికి అదనం. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. కారు వచ్చాక 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సి వస్తుంది. ఇక్కడ లెక్కలో పెరిగేది 1,336 కాదు, మొత్తం 2,060.

ఈవీ ఛార్జింగ్ కోసం రాష్ట్రంలో విడిగా ఒక టారిఫ్ కేటగిరీ ఉంది, యూనిట్ 6 రూపాయలు. దానికి వేరే మీటరు, వేరే ఫిక్స్‌డ్ ఛార్జీలు ఉంటాయి. 150 యూనిట్లకు 900 రూపాయలు. నెలకు 1,000 కిలోమీటర్ల కన్నా బాగా ఎక్కువ తిరిగే ఇంటికి, లేదా జీరో బిల్లు పోగొట్టుకోకూడదనుకునే ఇంటికి ఈ దారి ఆలోచించదగ్గది. తక్కువ తిరిగేవాళ్లకు ఆ తిప్పలు అక్కర్లేదు. వనస్థలిపురం, బోడుప్పల్ వైపు సొంత ఇల్లు, పైన ఖాళీ డాబా ఉన్నవాళ్లకు సోలార్ ఇంకా మంచి జత. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ప్యానెళ్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. కారుకు కావలసిన యూనిట్లు ఆ డాబా మీదే పుడతాయి.

ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా పెట్రోల్ పక్కన పెట్టి చూస్తే తేడా పెద్దదే. హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల ధర దగ్గర, ఈ ట్రాఫిక్‌లో లీటరుకు 14 కిలోమీటర్లిచ్చే చిన్న ఆటోమేటిక్ కారుకు 1,000 కిలోమీటర్లకు 7,600 రూపాయలు పోతాయి. కరెంటుకు 1,340. నెలకు 6,300 చొప్పున ఏడాదికి 75,000 పైన మిగులు. సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి కదిలే ప్రయాణంలో పెట్రోల్ ఇంజను మైలేజీ దారుణంగా పడిపోతుంది. ఎలక్ట్రిక్ కారు మాత్రం అక్కడే బాగా పనిచేస్తుంది. ఆగినప్పుడు మోటారు కరెంటు తినదు, బ్రేకు వేసినప్పుడు కొంత తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది. స్కూలు గేటు ముందు మండుటెండలో ఇరవై నిమిషాలు ఏసీ వేసుకుని కూర్చున్నా ఖర్చయ్యేది రెండు మూడు కిలోమీటర్ల కరెంటే. పొగ కూడా అక్కడున్న పిల్లల ముఖాల మీదికి వెళ్లదు. డబ్బు లెక్కలో కనపడని ఈ చివరి విషయానికి తల్లిదండ్రులు విలువ కట్టాలి.

ధర సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. ఎలక్ట్రిక్ కార్ల మీద 5 శాతమే కొనసాగుతోంది. కాబట్టి షోరూమ్ ధరల్లో తేడా మునుపటి కన్నా పెరిగింది. దాన్ని కొంత పూడ్చేది తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ మినహాయింపు. 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబరు 31 లోపు రిజిస్టరయ్యే ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఏడున్నర లక్షల పెట్రోల్ ఆటోమేటిక్‌కు 14 శాతం ట్యాక్సంటే లక్షా ఐదు వేలు. పది లక్షల ఈవీకి సున్నా. షోరూమ్‌లో రెండున్నర లక్షలుగా కనపడిన తేడా ఆన్‌రోడ్ ధరకు వచ్చేసరికి లక్షన్నర లోపుకు దిగుతుంది. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి అది రెండేళ్లలో తిరిగొస్తుంది. నెలకు 400 కిలోమీటర్లే తిరిగితే ఐదేళ్లు పడుతుంది. ఆ ఇంటికి డబ్బు కోసమే ఈవీ కొనాల్సిన అవసరం లేదు.

రెండు పాత ఆశలను ఇక్కడే పక్కన పెట్టేయాలి. ఈవీ లోను వడ్డీ మీద లక్షన్నర దాకా ఇచ్చిన 80ఈఈబీ ఆదాయపు పన్ను మినహాయింపు 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. కొత్తగా తీసుకునేవాళ్లకు లేదు. సొంత వాడకానికి కొనే కారుకు కేంద్రం నుంచి పీఎం ఈ డ్రైవ్ సబ్సిడీ కూడా రాదు.

ఏ కారు, ఎవరికి

ఎంజీ కామెట్ పొడవు మూడు మీటర్ల లోపే. ఇరుకు సందుల్లో, కిక్కిరిసిన పార్కింగ్‌లో దానంత హాయి ఇంకొకటి ఉండదు. కానీ రెండే తలుపులు. వెనక సీట్లోకి నాన్నమ్మ ఎక్కాలంటే ముందు సీటు మడిచి వంగి దూరాలి. 17.3 కిలోవాట్ అవర్ల బ్యాటరీకి డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ లేదు. ఇంట్లో ఇంకో కారుండి, ఆఫీసుకూ బజారుకూ మాత్రమే వాడుకునేవాళ్లకు అది చక్కటి బండి. ఒకే కారున్న కుటుంబానికి తగదు.

టియాగో ఈవీ ఐదుగురికి ఇరుకే, నలుగురికి బాగుంటుంది. డిక్కీ 240 లీటర్లు. స్కూలు బ్యాగులకూ, నెల సరుకులకూ చాలు, పెళ్లికి వెళ్లే సూట్‌కేసులకు చాలదు. పంచ్ ఈవీ ఎత్తుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వంగకుండా, పైకెక్కకుండా నేరుగా కూర్చోగలిగే ఎత్తు అది. మన కాలనీల స్పీడ్ బ్రేకర్లకు కూడా ఆ ఎత్తు కలిసొస్తుంది. 25, 35 కిలోవాట్ అవర్ల బ్యాటరీలతో 2024 జనవరిలో మొదలైంది. బడ్జెట్ కాస్త సాగగలిగితే, పెద్దవాళ్లున్న ఇంటికి టియాగో కన్నా ఇదే సరైన ఎంపిక.

ఎంజీ విండ్సర్ 2024 సెప్టెంబరులో బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతితో వచ్చింది. అప్పటి ధర 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు 3.50 రూపాయలు. బ్యాటరీతో కలిపి కొంటే 13.50 లక్షలు. వెనక సీటు విశాలంగా ఉంటుంది, డిక్కీ పెద్దది. మూడు తరాల కుటుంబానికి మనసుకు నచ్చే కారు. కానీ 3.50కి ఇంటి కరెంటు 1.35 కలిపితే కిలోమీటరుకు 4.85 రూపాయలు. పెట్రోల్ 7.60 కన్నా తక్కువే అయినా, మిగిలేది సగం కన్నా తక్కువ. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉందా, ఎన్నేళ్లు కట్టాలి, మధ్యలో కారు అమ్మితే ఆ అద్దె ఒప్పందం ఎవరి మీద ఉంటుంది అన్నవి కాగితం మీద చూడకుండా సంతకం పెట్టకూడదు.

బ్యాటరీ గురించిన భయం చాలా ఇళ్లలో పెద్దవాళ్ల నోట వస్తుంది. "పోతే లక్షలు పెట్టాలట కదా!" అని. టియాగో ఈవీ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కారు 8 ఏళ్లకు 96,000 దగ్గరే ఉంటుంది. బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే వారంటీ వర్తిస్తుందో వారంటీ పుస్తకంలో చదువుకోవాలి. మూడు నాలుగేళ్లకోసారి కారు మార్చే అలవాటున్న ఇళ్లకు మాత్రం పాత ఈవీల మార్కెట్ ఇంకా కుదురుకోలేదన్నది గుర్తుండాలి. అమ్మేటప్పుడు చేతికొచ్చే ధర నిరాశపరచొచ్చు. ఎనిమిదేళ్లు ఉంచుకుంటామనుకునేవాళ్ల లెక్కే ఇక్కడ నిలబడుతుంది. కొన్ని ఈవీల్లో స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తారు. ఊళ్లకు వెళ్లే కుటుంబం ఇది కొనేముందే అడగాలి.

సంక్రాంతికి ఊరెళ్లడం

అన్ని లెక్కలూ కుదిరాక చివర్లో మిగిలే టెన్షన్ ఇదే. విజయవాడ 275 కిలోమీటర్లే అంటారు. నిజాంపేట నుంచి బయలుదేరేవాళ్లకు ఊరు దాటి ఎల్బీనగర్ చేరడానికే 30 కిలోమీటర్ల పైన, కాబట్టి 300 వేసుకోవాలి. హైవే మీద గంటకు 90, 100 వేగంతో వెళ్తే 24 కిలోవాట్ అవర్ల కారు 170 కిలోమీటర్లు ఇస్తుందనుకోవాలి. ఎలక్ట్రిక్ కార్లకు ట్రాఫిక్ కన్నా వేగమే ఎక్కువ ఖర్చు. సూర్యాపేటలో టిఫిన్‌కు ఆగుదామన్న పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. అక్కడికి చేరేసరికి బ్యాటరీ అడుగంటుతుంది. నార్కట్‌పల్లి దగ్గర ఒకసారి, కోదాడ దగ్గర ఒకసారి, 80 శాతం దాకా ఎక్కించుకుంటే హాయిగా విజయవాడ చేరొచ్చు. 80 దాటాక ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, ఆ చివరి 20 శాతం కోసం కూర్చోవడం దండగ. మొత్తం మీద గంటన్నర, రెండు గంటలు ఎక్కువ పడుతుంది. మామూలు రోజుల్లో పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఎలాగూ రెండుసార్లు ఆగుతారు, కాబట్టి బాధ తెలియదు. భోగికి ముందు రోజు సంగతి వేరు. పంతంగి టోల్ దగ్గరే బండ్లు బారులు తీరే ఆ రోజుల్లో ఛార్జర్ దగ్గర ముందు ఎన్ని కార్లుంటాయో ఎవరూ చెప్పలేరు. రెండు రోజుల ముందు బయలుదేరడమో, రాత్రి ప్రయాణమో, లేకపోతే ఆ ఒక్కసారికి రైలో బస్సో చూసుకోవడమో చేయాలి. ఏడాదికి రెండుసార్లు పెట్రోల్ కారు అద్దెకు తీసుకున్నా, మిగిలే 75,000లో అది చిన్న భాగమే.

యాదాద్రికి, వరంగల్‌కు ఈ బాధ తక్కువ. యాదాద్రి వెళ్లి రావడం నెమ్మదిగా నడిపితే ఒక్క ఛార్జింగ్‌లో అయిపోవచ్చు, వరంగల్‌కైతే దారిలో ఒకసారి, అక్కడ మధ్యాహ్నం భోజనం వేళ ఇంకోసారి ఎక్కించుకుంటే చాలు. శ్రీశైలం మాత్రం బయలుదేరేముందే కొలుచుకోవాల్సిన దారి. రానూ పోనూ ఘాట్‌లు, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి గేట్లు మూసేస్తారు. అక్కడ ఆలస్యమంటే రాత్రంతా ఆగడమే. ఎక్కడ ఎక్కించుకోవాలో ముందు రోజే యాప్‌లో చూసి, ఆ ఛార్జర్ పనిచేస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లాలి.

ఊరు చేరాక చుట్టాలింట్లో ఏసీకి పెట్టిన 15 ఆంపియర్ల ప్లగ్గు చాలు. కాకపోతే పల్లెల్లో సాయంత్రం వోల్టేజీ తక్కువగా ఉండొచ్చు, ఎర్తింగ్ సరిగా లేక ఛార్జర్ మొరాయించొచ్చు. కాబట్టి పండక్కి నెల ముందు బాబాయికి ఫోన్ చేసి, ఊళ్లో ఎలక్ట్రీషియన్‌తో వసారాలో ఒక ప్లగ్గు, దానికి ఉప్పూ బొగ్గూ వేసిన మంచి ఎర్తు పెట్టించమని చెప్పి, ఆ డబ్బులు ముందే పంపాలి. అప్పుడు మూడు రోజుల పండగలో కారు వసారా పక్కనే నిండుతుంది, కనుమ మర్నాడు తిరుగు ప్రయాణానికి నూరు శాతంతో సిద్ధంగా ఉంటుంది.